విజిల్ ఊదితే ఉరికే జట్టు

ఆ రోజుల్లో మా ఊళ్ళో మగవాళ్ళకు రెండే పనులుండేవి. బాయిలోకి దిగడం ఒకటి, పైకొచ్చాక బాయి ముచ్చట్లే చెప్పుకోవడం రెండోది. (భూపాలపల్లి దిక్కు మేము బొగ్గు గనిని బాయి అంటాం. కొత్తగా వచ్చిన చుట్టాలు నీళ్ళ బావి అనుకుని స్నానానికి తువ్వాల పట్టుకుని బయల్దేరిన సందర్భాలూ ఉన్నాయి.) ఇప్పటి పిల్లలకు కాలక్షేపానికి కొదవ లేదు, జేబులో ఫోనుంటే చాలు. మాకు మాత్రం షిఫ్టు దిగి, ఒళ్ళు రుద్దుకుని, అన్నం తిన్నాక సాయంత్రం దాకా ఏం చేయాలో తోచేది కాదు. అందుకే పదిమందీ కలిసి ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకున్నాం. మాలో ఎవరికీ ఫుట్‌బాల్ రాదన్న సంగతి బోర్డు రాయించాక తెలిసింది.

క్లబ్బుకు పెద్ద దిక్కు పేలుడు మామ. నాకు వరసకు మేనమామ, బాయిలో షాట్‌ఫైరర్. అంటే బొగ్గుకు రంధ్రాలు వేసి, మందు కూరి, పేల్చేవాడు. పేల్చే ముందు మెడలో ఉన్న విజిల్ తీసి గట్టిగా ఊదుతాడు. అది వినపడగానే చేతిలో ఏ పనున్నా అక్కడే పడేసి, ఆ రోజుకు ఆయన చూపించిన చోటికి ఉరికి, మూల తిరిగి గోడ చాటున నిలబడాలి. ప్రతి షిఫ్టు మొదట్లో నెత్తిమీది లైటు వెలుగు ఆ మూల మీద వేసి, “ఇయ్యాల మన జాగ ఇదే. మంచిగ సూసుకోన్రి” అనేవాడు. ఒకసారి నేను విజిల్ విన్నాక పార ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూస్తుంటే నా వీపు మీద ఒక్కటి చరిచి, “ఇజిల్ ఇన్నంక ఆలోచన జేసెటోడు నా బాయిల అక్కర్లేదు. ఉరికెటోడు గావాలె” అన్నాడు. ఆ దెబ్బ తర్వాత నేను జన్మలో ఆలోచించలేదు. (మా ఆవిడ దీన్ని వేరే విషయాలకు కూడా వర్తింపజేస్తుంది.)

మా కష్టాలన్నిటికీ మూలం ఈ అలవాటే. మొదటి మ్యాచ్ జఫర్‌గఢ్ జట్టుతో. పావుగంట బాగానే ఆడాం. ఇంతలో ఎవరో ఎవరినో తోశారు, రెఫరీ విజిల్ ఊదాడు. అంతే, మా పదిమందీ ఎక్కడివాళ్ళక్కడ బంతిని వదిలేసి పంచాయతీ ఆఫీసు గోడ వెనక్కి ఉరికారు. గోల్‌కీపర్ని నేను, అందరికన్నా ముందు చేరుకున్నాను. చాటునుంచి తొంగి చూసేసరికి జఫర్‌గఢ్ వాళ్ళు ఖాళీ గోల్‌లోకి తీరుబడిగా బంతి తోసి, మాకేమైందో అర్థం కాక ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. తరవాత కాటారంతో ఓడిపోయాం. మానుకోట దాకా రెండు బస్సులు మారి వెళ్ళి మరీ ఓడి వచ్చాం. విజిల్‌కు కదలకూడదని ప్రతిసారీ ఒట్టు పెట్టుకునేవాళ్ళం. కానీ ఆటలో మునిగాక ఒట్టు మనసుకు గుర్తుండేది, కాళ్ళకు గుర్తుండేది కాదు.

ఊళ్ళో పరువు పోయింది. క్రికెట్ ఆడే పోరగాళ్ళు మమ్మల్ని చూస్తే చాలు నోటితో విజిల్ వేసేవాళ్ళు. వాళ్ళకు మా గ్రౌండు మీద ఎప్పటినుంచో కన్నుంది. చివరికి సర్పంచ్ మమ్మల్ని పిలిచి తేల్చేశాడు.

“ఏందయ్యా గిది, ఊరి ఇజ్జత్ దీస్తున్నరు. వచ్చే ఐతారం జనగామోళ్ళు వస్తున్నరు గద. గెలిస్తే గ్రౌండు మీది. గెలవకుంటే క్రికెటోళ్ళకు ఇచ్చేస్త. సమానం అయినా గూడ ఇచ్చేస్త.”

ఆ గ్రౌండు కోసం తుమ్మ ముళ్ళు ఏరి, రాళ్ళు మోసి, గుంటలు పూడ్చింది మేమే. అది పోతే క్లబ్బే ఉండదు. ఆ సాయంత్రం ఎవరికీ అన్నం సయించలేదు. మాలో ఎడమకాలి అన్న ఒకడుండేవాడు. జట్టు మొత్తానికి బంతిని అనుకున్న చోటికి కొట్టగలిగింది అతనొక్కడే. అతనే ఒక ఉపాయం చెప్పాడు. “మామా, వారం దినాలు పొద్దుమాపు ఇజిల్ ఊదు. మేము ఉరకకుంట నిలవడుడు నేర్సుకుంటం.”

మామకు ఆ గ్రౌండంటే ప్రాణం. అయినా తల అడ్డంగా ఊపాడు. “వద్దుర బిడ్డా. నిలవడుడు గీడ నేర్సుకుంటే రేపు బాయిల గూడ నిలవడ్తరు. ఆట కోసం మీ పానాలు దీసుకోను. గ్రౌండు పోతే పోనియ్యి.”

మేమంతా తలలు వంచుకున్నాం. పేలుడు మామ అంత మెత్తగా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు, నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. లేచి ఇంటికి బయల్దేరినవాడల్లా ఆయనే ఆగి వెనక్కి తిరిగాడు. “ఉరుకుడెందుకు ఆపాలె? ఎటు ఉరకాల్నో అది మార్సుకుంటే సాలు గద!” అన్నాడు.

ఆదివారం జనగామ జట్టు వచ్చింది. పదకొండుమందికీ పొడుగాటి లేసులున్న అసలైన ఫుట్‌బాల్ బూట్లు. (మేము బాయి బూట్లతో ఆడతామని అడిగి చూశాం. రెఫరీ వాటిని ఒక్కసారి చూసి వట్టికాళ్ళతో ఆడమన్నాడు.) ఆట మొదలయ్యే ముందు మామ మా పదిమందినీ వరసగా జనగామ వాళ్ళ గోల్ ముందుకు తీసుకుపోయి, చెయ్యి చాపి చూపించాడు. “ఇయ్యాల మన జాగ ఇదే. ఇజిల్ ఇనవడితే ఈడికే ఉరకాలె.” తరవాత నన్ను ఒంటరిగా మా గోల్ దగ్గరకు తెచ్చి, కుడి పక్క స్తంభాన్ని నాచేత ముట్టించాడు. “నీ జాగ గిది. ఇజిల్ ఊదంగనే దీన్ని వట్టుకో. ఇడువకు.”

మొదటి సగంలో మంత్రం పారింది. రెఫరీ విజిల్ ఊదిన ప్రతిసారీ మా పదిమంది ప్రాణాలరచేత పట్టుకున్నట్టు జనగామ గోల్ మీదికి ఉరికేవారు. అవతలి వాళ్ళు బెదిరి దారిచ్చేవారు. అలా ఒక ఫ్రీ కిక్‌కు మావాళ్ళు గుంపుగా పడి ఒక గోల్ చేశారు. నేను నా స్తంభాన్ని పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నంత భద్రంగా పట్టుకున్నాను.

విరామంలో జట్లు చోట్లు మారాయి. మామ మళ్ళీ అందరికీ కొత్త జాగ చూపించాడు. ఆ సమయానికి నేను బోరింగు దగ్గర నీళ్ళు తాగి, ఎవరో ఇచ్చిన జామకాయ తింటున్నాను. నాకు చూపించలేదు. నేనూ అడగలేదు. చూడ్డానికి గోల్ పోస్టులన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా!

రెండో సగంలో జనగామ వాళ్ళు స్కోరు సమం చేశారు. నాకేమో ఒంట్లో ఏదో తేడాగా ఉంది. విజిల్ వినపడ్డప్పుడల్లా కాళ్ళు ముందుకు లాగుతున్నాయి. రెండుసార్లు నాలుగడుగులు వేసి, సిగ్గుపడి వెనక్కి వచ్చాను. ఆట ఇంకో నిమిషం ఉందనగా ఎడమకాలి అన్నను మైదానం మధ్యలో పడేశారు. రెఫరీ ఊపిరంతా కూడగట్టి ఊదాడు. ముమ్మాటికీ పేలుడు మామ విజిల్ లాగే వినిపించింది. ఇక నేను ఆలోచించలేదు. మా గోల్‌ను గాలికి వదిలేసి, మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి, నాకు మామ ముట్టించిన స్తంభం కోసం ఉరికాను. అది ఇప్పుడు జనగామ వాళ్ళ గోల్‌ది!

“ఓరి, గోల్ ఇడిసిపెట్టి ఎటువోతున్నవ్‌రా!” అని ఊరు ఊరంతా అరిచింది. నాకు వినపడలేదు. ఉరికే మావాళ్ళ వెనకాలే గోల్‌కీపర్ కూడా వస్తాడని జనగామ వాళ్ళు కలలోనైనా అనుకోలేదు. ఎడమకాలి అన్న లేచి, ఎవరూ సర్దుకోక ముందే బంతిని ఎత్తి కొట్టాడు. నేను స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని, బాయిలో లాగే కళ్ళు మూసుకుని తల వంచాను. ఆ వంచిన తలకే బంతి తగిలి లోపలికి పోయింది. ఆఫ్‌సైడ్ అని వాళ్ళు గొడవ చేశారు గానీ, వాళ్ళ ఆటగాడే ఒకడు ఆ పక్క స్తంభం దగ్గర కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. రెఫరీ అతన్ని చూపించి గోల్ ఇచ్చేశాడు.

కళ్ళు తెరిచేసరికి నేను జనం భుజాల మీద ఉన్నాను. డప్పులు మోగాయి. క్రికెట్ పోరగాళ్ళు కూడా ఈలలు వేశారు, ఈసారి మనస్ఫూర్తిగా. సర్పంచ్ తన మెడలోని కండువా తీసి నాకు కప్పి, “గ్రౌండు మీదే. ఇగ ఎవడన్న అడుగుతె నా పేరు జెప్పు” అన్నాడు. మామ గుంపును తోసుకుని వచ్చి నన్ను దించి, చెవి దగ్గర అడిగాడు. “నిన్నెవడు గీడికి రమ్మన్నడ్రా?”

“నువ్వే గద మామా. పొద్దుగాల నాతోటి ముట్టిపిస్తివి.”

ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడ్డాడు. “ఎవ్వనికి జెప్పకు బిడ్డా. ఎత్తు ఏసినవనుకుంటున్నరు, అనుకోనియ్యి” అన్నాడు. నేను ఇన్నేళ్ళూ ఆ మాట నిలబెట్టుకున్నాను.

మామ పోయి నాలుగేళ్ళైంది. క్లబ్బు నడుస్తూనే ఉంది. ఆయన మనుమరాలు ఇప్పుడు ఆడపిల్లల జట్టుకు కెప్టెన్. క్లబ్బు చరిత్ర గోడ మీద రాయిస్తానని కాగితం పట్టుకొచ్చి చదివి వినిపించింది. అందులో నేను ‘చివరి నిమిషంలో ప్రాణాలకు తెగించి ముందుకు దూకిన వీరుడు.’ నేను గంభీరంగా తల ఊపాను.

మొన్న ఆదివారం వాళ్ళ మ్యాచ్ చూడటానికి పోయి మైదానం గీత పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఆట ముందు ఆ పిల్ల తన జట్టును అవతలి గోల్ దగ్గరకు తీసుకుపోయి చెయ్యి చాపింది. “ఇయ్యాల మన జాగ ఇదే.” బాయి ముఖం ఎరగని పిల్లలు బుద్ధిగా తలలూపారు. అంతలో రెఫరీ విజిల్ ఊదాడు. తెలివొచ్చేసరికి నేను కుర్చీలో లేను, గీత దాటి పది గజాలు లోపలున్నాను.

“మామా! ఎటు ఉరుకుతున్నవే? కూసో!” అని ఆ పిల్ల అరిచింది. జనమంతా నవ్వారు. నేనూ నవ్వుతూ, మోకాలు పట్టుకుని కుర్చీ దగ్గరకు కుంటుకుంటూ వచ్చాను. నేను ఉరికింది మామ ముట్టించిన ఆ కుడి పక్క స్తంభం దిక్కే, దానికి ఇప్పుడు తెల్ల రంగు వేశారు. నేనేం చేయను, ఆ రోజు విరామంలో మామ నాకు వేరే జాగ చూపించనే లేదు.