ఆయన చెయ్యి దించేదాకా

మా తెలుగు ప్రార్థనల్లో నిశ్శబ్దం అనేది ఉండదు. పాడేవాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినా చాలు, ఆ సందులో ఎవరో ఒకరు "స్తోత్రం!" అంటారు. పక్కవాళ్ళు "హల్లెలూయా" అని అందుకుంటారు. ఇది ఎవరూ నేర్పరు, ఉగ్గుపాలతో వచ్చేస్తుంది. అలాంటి మా చేత పాట మధ్యలో నోరు మూయించాలని చూశారు, ఐర్లండ్ నుంచి వచ్చిన ఒక సంగీతం మాస్టారు. పాపం, ఆయనకి మా సంగతి తెలియదు.

అబుదాబిలో చర్చి ఆవరణలో వారానికోసారి తెలుగువాళ్ళకి ఒక హాలు ఇస్తారు. మాకు ముందు మలయాళీలు, మా తర్వాత ఫిలిప్పీన్స్ వాళ్ళు. కాస్త ఆలస్యమైతే తలుపు దగ్గర గొణుగుడు మొదలవుతుంది. పక్క హాల్లో ఇంగ్లీషు ఆరాధనకి ఆయన పియానో వాయించేవారు. వారమంతా బడిలో పిల్లలకి సంగీతం చెప్పేవారు, ఇంటికెళ్ళి బృందగానాలు రాసుకునేవారు. ఒకరోజు గోడ అవతలి నుంచి మా పాట విని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"మా ఊళ్ళో ముసలివాళ్ళు కూడా స్వరాన్ని ఇలాగే వంచి, తిప్పి, ఎప్పుడో గానీ వదిలేవారు కాదు," అన్నారు. నేను నర్సుని, ఇంగ్లీషు తడబడకుండా మాట్లాడతాను. అందుకని ఆయన మాట మావాళ్ళకి చేరవేసే పని నా నెత్తిన పడింది.

ఆయన భార్య 2020లో ఇక్కడే, అబుదాబిలోనే కరోనాతో పోయారు. ఆమెను ఆసుపత్రి లోపలికి తీసుకెళ్తుంటే చూడటమే ఆఖరు. ఆయన్ని లోపలికి రానివ్వలేదు. చివరి క్షణంలో ఆమె పక్కన ఎవరున్నారో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో ఆయనకి తెలియదు. ఆ తర్వాత చాలాకాలం ఒక్క స్వరం కూడా రాయలేదట. మళ్ళీ రాసిన మొదటి పాట మాకిచ్చారు. మాటలు మావి, స్వరం ఆయనది. మూడో చరణం అవగానే ఆయన చెయ్యి పైకెత్తుతారు, అందరం ఆగాలి. ఆ చెయ్యి దించేదాకా ఊపిరి కూడా వినబడకూడదు.

"ఆ నిశ్శబ్దం నన్ను రానివ్వని గది," అన్నారు నాతో. "దాన్ని ఎవరూ నింపొద్దని చెప్పండి."

బడిలో ఆయన ఉద్యోగం అయిపోయింది. పాట పాడిన వారంలోనే విమానం ఎక్కి ఊరికి వెళ్ళిపోతారు, ఇక తిరిగి రారు. ఆ పాట సరిగ్గా వినాలంటే ఆయనకున్నది ఆ ఒక్క రోజే.

అభ్యాసం మొదలుపెట్టాం. ఆయన చెయ్యెత్తారు. "స్తోత్రం!" అన్నాడు మఫ్రఖ్ లేబర్ క్యాంపు నుంచి వచ్చే తమ్ముడు ఒకడు.

"ఏంటయ్యా నీకు?" అన్నాను.

"అక్కా, సార్ చెయ్యెత్తంగనే పాట ఖలాస్ అనుకున్న. ఖలాస్ అంటే స్తోత్రం చెప్పాలె కద!"

మరుసటి వారం ఆ మాట పాలకొల్లు పెద్దమ్మ అంది. ఆవిడ ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. "అమ్మాయ్, దేవుడి సన్నిధిలో అలా గుడ్లప్పగించి నిలబడితే ఎలాగే? నోరు దానంతటదే అనేత్తంది," అని నామీదే ఎగిరింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈసారి ఎవరి నోట మాటొచ్చినా ఆ నోటికి ప్లాస్టర్ వేస్తానని చెప్పాను. మాస్టారు మాత్రం ఎవరినీ కసరలేదు. ప్రతిసారీ మొహం పాలిపోయేది, "మళ్ళీ" అనేవారు.

ఆ రోజు రానే వచ్చింది. హాలు నిండిపోయింది. మూడో చరణం అయింది, ఆయన చెయ్యి లేచింది. ఒక్క గొంతూ పెగల్లేదు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. గెలిచాం అనుకున్నాను.

కానీ ఆ చెయ్యి దిగలేదు.

ఆయన కళ్ళు మూసుకున్నారు. తలుపు దగ్గర ఎవరో దగ్గారు. మావాళ్ళు ఒక్కొక్కరే నావైపు చూడటం మొదలుపెట్టారు. ఆయన చెయ్యి దించకపోతే పాట అక్కడే చచ్చిపోతుంది, ఆయన దాన్ని అలాగే మోసుకుని విమానం ఎక్కుతారు. వార్డుల బయట అలా నిలబడిపోయినవాళ్ళని నేను చూశాను. వాళ్ళని ఎవరో ఒకరు పలకరించేదాకా కదలరు. నాకు భయమేసింది.

"స్తోత్రం," అన్నాను, మెల్లగా.

ఆయన కళ్ళు తెరిచి నావైపు చూశారు. పాడుచేశాను, అంతా పాడుచేశాను అనుకున్నాను. అప్పుడు చెయ్యి దిగింది. ఆఖరి చరణం ఎవరికి తోచిన శ్రుతిలో వాళ్ళం పాడేశాం.

అయ్యాక తిన్నగా నా దగ్గరికి వచ్చారు. క్షమించమని అడగబోతుంటే ఆపేశారు.

"ఆ కరోనా రోజుల్లో వార్డులో ఎవరైనా పోతుంటే మీరేం చేసేవారు?"

"చెయ్యి పట్టుకునేదాన్ని సార్. ఇంటివాళ్ళు ఎవరూ ఉండరు కదా. మాస్కులోంచే చెవి దగ్గర 'స్తోత్రం' అనేదాన్ని. ఎవరి దేవుడెవరో అడిగే తీరిక ఎక్కడుంది?"

ఆయన చేతిలోని పాట కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఆమె ఉన్నది మీ ఆసుపత్రిలో కాదు," అన్నారు.

అబద్ధం చెప్పాలనిపించింది. నిజంగా అనిపించింది. చెప్పలేకపోయాను.

"కాదు సార్," అన్నాను. "కానీ మావాళ్ళు లేని ఆసుపత్రి ఈ దేశంలో ఒక్కటి కూడా లేదు."