వడ్డన బాబాయి చేతి పాయసం

యాత్రికుల సత్రంలో ఆయన్ని అందరూ వడ్డన బాబాయి అంటారు. ముప్పై ఏళ్లుగా అదే పని. పప్పు, గుమ్మడికాయ కూర, బెల్లం పాయసం, ఏ పూట ఏ గిన్నె చేతికొస్తే అది పట్టుకుని వెయ్యి విస్తళ్ల ముందు నడుం వంచుతాడు. ఆ వెయ్యి మందిలో ఒక్కరూ ఆయన మొహం చూడరు. ఆకలి మీదున్నవాళ్లకి గరిటె కనబడుతుంది గానీ పట్టుకున్న మనిషి ఎందుకు కనబడతాడండీ? అందరూ లేచాక తన విస్తరి తానే వేసుకుని, తానే వడ్డించుకుని తింటాడు. మారు వేయనా అని అడిగే దిక్కు లేదు. ఆయనకి అలవాటైపోయిందిలే అంటారు తోటివాళ్లు. అబద్ధం. అలవాటు కాలేదు.

ఉన్నది ఒక్క అక్క. ఆవిడతోనూ మాటల్లేవు. ఈ క్షేత్రంలో ఉన్న ఇన్ని సత్రాల్లో తమ్ముడిది ఏదో కూడా ఆవిడకి తెలియదు. పన్నెండేళ్ల కిందట తల్లి మంచాన పడిందని కబురొస్తే, సత్రంలో రద్దీ తగ్గాక వెళదాంలే అనుకున్నాడు మహానుభావుడు. వెళ్లేసరికి అంతా అయిపోయింది. అక్క గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది.

"ఊళ్లోవాళ్లందరికీ వడ్డించావు, అమ్మకి ఒక్క ముద్ద పెట్టలేకపోయావు. ఇంక చచ్చినా నీ చేతి ముద్ద ముట్టను."

మొన్న మధ్యాహ్నం పాయసం గిన్నెతో రెండో వరసలోకి తిరిగాడో లేదో, కాళ్లు ఆగిపోయాయి. మూడో విస్తరి ముందు అక్క. జుట్టంతా నెరిసింది. తలొంచుకుని అన్నం కలుపుతోంది.

పిలుపు నోటిదాకా వచ్చింది. పిలిస్తే తలెత్తుతుంది, తలెత్తితే విస్తరి వదిలి లేచిపోతుంది. ఆవిడ పంతం ఆయనకి తెలియనిదా? అంత దూరం ప్రయాణం చేసి ఆకలితో వచ్చిన మనిషి. నోరు నొక్కుకుని, జీడిపప్పు ఉన్న చోటికి గరిటె పోనిచ్చి మరీ వేశాడు.

ఆవిడ విస్తరి మీంచి చూపు తిప్పకుండా తిన్నది.

"ఇంకో గరిటె వెయ్యి నాయనా. ఈ మధ్య నాకు ఏదీ సయించడం లేదు, ఇది హితవుగా ఉంది."

వేశాడు. చాలని చెయ్యి అడ్డం పెట్టేదాకా వేశాడు.

"కడుపు నిండా పెట్టావు. చల్లగా ఉండు," అంది ఆవిడ, గరిటెతోనే చెబుతున్నట్టు.

గొంతు విప్పితే గుర్తుపడుతుందని తలూపి పక్క విస్తరికి జరిగాడు. వరస ముగించి వెనక్కి తిరిగేసరికి అక్క లేదు. విస్తరిలో మెతుకు మిగల్లేదు.

అందరూ వెళ్లాక అదే చోట కూర్చున్నాడు. గిన్నె అడుగు గీకితే అర గరిటె పాయసం వచ్చింది. అమ్మకి పెట్టలేని ముద్ద అక్కకి పెట్టాను, అనుకున్నాడు. పెట్టిందెవరో అక్కకి తెలియదు; చెబితే మాట తప్పానని కుమిలిపోతుంది, కాబట్టి ఇక చెప్పే దారీ లేదు. ఏడుస్తూనే ఆ అర గరిటె తిన్నాడు.