వాసన చూశాకే సంతకం

ఆబిడ్స్‌లో నేను జుట్టుకు రంగు వేయించుకునే పార్లర్‌లో ఆ అమ్మాయి డబ్బా మూత తీయగానే ముక్కు అదిరిపోయే ఘాటు. అమోనియా. పక్క కుర్చీలో ఉన్నావిడ మొహం తిప్పుకుంటుంది. నాకు మాత్రం గన్‌ఫౌండ్రీ సందులో మేడమీదున్న మా దాణా పరీక్షల ల్యాబు, కిటికీ పక్కన కూర్చునే దేవదానం సార్ గుర్తొస్తారు.

సార్‌ది మెదక్. పశువుల మేతలో బలమెంతుందో తేల్చి చెప్పడమే ఆయన జీవితమంతా చేసిన పని. ఏ నమూనా వచ్చినా ముందు అరచేతిలో నలిపి, వాసన చూసి, చిటికెడు నాలుక మీద వేసుకునేవారు. యంత్రాలు ఆ తర్వాతే. ఎమ్మెస్సీ పట్టాతో కొత్తగా చేరిన నాకది చాదస్తంగా తోచింది. నోరు ఊరుకుంటుందా? "ఇన్ని యంత్రాలుండగా మీరు బర్రెలాగా నమలడమెందుకు సార్?" అనేశాను.

"తినేది బర్రెనే కద బిడ్డా. దాని తరఫున ఒకరన్న రుచి చూడాలె" అన్నారు, నములుతూనే.

నాంపల్లి స్టేషన్ వెనక నాలుగు బర్రెలతో పాలవ్యాపారం చేసుకునే యాదమ్మ ఒకసారి టిఫిన్ డబ్బాలో పల్లిచెక్క పొడి, అంటే నూనె తీశాక మిగిలే పల్లీల పిప్పి, తెచ్చింది. కొత్త దుకాణంలో చవగ్గా దొరికిందట. ఆ రోజు సార్ సెలవులో ఉన్నారు. నేనే పరీక్షించాను. ప్రోటీన్ బ్రహ్మాండంగా వచ్చింది. ఫలితం కోసం మర్నాడు పొద్దున్నే వచ్చిన యాదమ్మతో, "మంచి సరుకు, బేఫికర్‌గా పెట్టుకో" అని చెప్పి పంపేశాను.

కాసేపటికి సార్ వచ్చి, మిగిలిన పొడి నలిపి చూశారు. "పల్లిచెక్కకు పల్లి వాసనే లేదు. ప్రోటీన్ మాత్రం గింత ఎట్లొచ్చింది?"

"యంత్రం అబద్ధమాడదు సార్. మూడుసార్లు చూశాను."

"ఆడలేదు. అది నత్రజని కొలిచింది, మనం దాన్నే ప్రోటీన్ అని లెక్కగట్టినం. గది పల్లీలదో, యూరియాదో దానికేం తెల్సు?"

వేయించని సోయా పిండి, ఆ పొడి, కాస్త నీళ్ళు కలిపి సీసాకు మూతపెట్టి ఎండలో ఉంచారు. అరగంట తర్వాత మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. ఇదే ఘాటు. పచ్చి సోయా తగిలితే అమోనియా వదిలేది యూరియానే. పొలాలకు చల్లే యూరియా. అంత మోతాదు కడుపులోకి పోతే బర్రె బతకదు.

యాదమ్మ ఫోను కలవలేదు. ఇద్దరం ఆటో ఎక్కాం. మేం వెళ్ళేసరికి ఆమె మోచేతుల దాకా తొట్టిలో చేతులు పెట్టి దాణా కలుపుతోంది. పక్కనే బర్రెలు మెడలు చాచి చూస్తున్నాయి. సార్ చెబుతారనుకున్నాను. ఆయన నా వైపు చూసి, ఒకడుగు వెనక్కి వేశారు.

"పెట్టకమ్మా. అందులో యూరియా ఉంది."

"ఏంది? పొద్దుగాల నువ్వే కద మంచిగున్నదన్నవ్?"

"ఔ. నేనే తప్పు చెప్పిన."

యాదమ్మ తొట్టిలోంచి చేతులు తీసింది. "చెప్పనీకి వచ్చిన్రు, గదే పదివేలు" అని తొట్టి ఒంపేసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సార్ అన్నారు: "ఏందమ్మా, ఇయ్యాల వాదిస్తలేవు? పానం మంచిగున్నదా?" అంతే. నా తప్పు సంగతి ల్యాబులో ఎవరికీ చెప్పలేదు, మళ్ళీ నా దగ్గరా ఎత్తలేదు.

సార్ పోయి మూడేళ్ళయింది. కిటికీ పక్క కుర్చీ ఇప్పుడు నాది. ఇప్పటికీ అందరితో వాదిస్తాను. కానీ రిపోర్టు మీద సంతకానికి పెన్ను తీసిన ప్రతిసారీ ఎక్కడో యాదమ్మ చేతులింకా తొట్టిలోనే ఉన్నట్టు, బర్రెలు మెడలు చాచి ఎదురుచూస్తున్నట్టు అనిపిస్తుంది. పెన్ను పక్కన పెట్టి, చిటికెడు పొడి నాలుక మీద వేసుకుంటాను.