పేరు చెప్పని ఆల్ఫాన్జో బాబాయ్

మా ఆల్ఫాన్జో బాబాయ్ దేని పేరూ ఎవరికీ చెప్పడు. పొద్దున ఏం తిన్నావని అడిగితే "తిన్నాలే" అంటాడు. ఆ చొక్కా ఎక్కడ కొన్నావంటే "ఒక చోట" అంటాడు. ఒకసారి గుండెల్లో నొప్పొచ్చిందని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ఆదుర్దాగా వచ్చి "నొప్పి ఎక్కడండీ?" అని అడిగింది. బాబాయ్ ఆవిణ్ణి అనుమానంగా చూసి "ఎందుకు?" అన్నాడు.

నేను దీనికి పూర్తిగా తలకిందులు. నా నోట్లో నువ్వుగింజ నానదు. బ్రాంక్స్‌లో, ప్రాస్పెక్ట్ అవెన్యూ మూల మీద, మా నాన్న పోర్టోరికో నుంచి వచ్చి పెట్టిన కొట్టు ఇప్పుడు నేను నడుపుతున్నాను. కాఫీ తాగడానికి వచ్చినవాళ్ళకి వీధి కబుర్లు ఉచితం. బాబాయ్ కొట్టు పైన రెండో అంతస్తులో ఉంటాడు. వరసకి నాకేమీ కాడు. వాళ్ళది కరోలినా నుంచి వచ్చిన నల్లవాళ్ళ కుటుంబం. గౌన్లు వేసుకునే రోజుల నుంచీ బాబాయ్ అని పిలిచి అదే నోటికొచ్చేసింది.

వయసులో ఉన్నప్పుడు ఆయన డీజే. పేరు డీజే హష్, అంటే 'ష్, చప్పుడు చెయ్యకు' అని. పాటలో గొంతులన్నీ ఆగి డోలు ఒక్కటే మోగే చిన్న ముక్క ఒకటి ఉంటుంది కదా, ఒకే రికార్డు రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి, అటొకసారి ఇటొకసారి తిప్పుతూ, ఆ ముక్కని పిల్లల ఒళ్ళు అలిసిపోయేదాకా సాగదీయడం ఆ రోజుల్లో పెద్ద విద్య. మంచి ముక్క దొరికినవాడే ఆ పేటకి రాజు. పక్క పేట డీజేలు భుజం మీంచి తొంగిచూసి పేరు కాజేస్తారని అందరూ రికార్డుల్ని నీళ్ళ తొట్లో నానేసి లేబుళ్ళు పీకేసేవారు. మిగతావాళ్ళు నాలుగైదు మంచివాటికి పీకి ఊరుకున్నారు. బాబాయ్ మాత్రం ఇంట్లో ఉన్న ప్రతి రికార్డుకీ పీకేశాడు. రికార్డులు అయిపోయాక తిండి డబ్బాల మీద పడ్డాడు.

మా కొట్లో డబ్బాలు కొంటాడు, పైకెళ్ళి నానేస్తాడు, పీకేస్తాడు. ఇక రోజూ లాటరీయే. చిక్కుడు గింజలనుకుని తెరిస్తే అనాసపండు ముక్కలుంటాయి. అన్నంలో అవే కలుపుకుని తినేస్తాడు.

"బాబాయ్, డబ్బాల పేర్లు ఎవరు కాజేస్తారు?" అని అడిగాను.

"నీకు లోకం తెలీదమ్మా నిల్డా."

ఒకసారి పేవ్‌మెంటు మీద డామినోల బిళ్ళలాట ఆడే ముసలాళ్ళందరికీ విందు పెట్టాడు. అందరూ లొట్టలేసుకుని తిని, ఏం మాంసం అని అడిగారు. ఆయన చెప్పలేదు. పిల్లుల తిండి డబ్బా ఒకటి ఆ వారమే ఆయనకి అమ్మానని నేనూ చెప్పలేదు. నా జన్మలో దాచిన రహస్యం అదొక్కటే.

బాబాయ్ ఈ లోకంలో భయపడేది మదర్ ఎర్లీన్ ఒక్కావిడకే. ఆవిడ మూడో అంతస్తులో, సరిగ్గా ఆయన నెత్తి మీద ఉంటుంది. మా చర్చిలో పెద్దావిడ కాబట్టి ఊరందరికీ మదర్. చర్చి వంటగది ఆవిడ చేతి కింద నడుస్తుంది. ఈ పేటలో ఆకలితో ఉన్న పిల్లాడెవడైనా ఆవిడ చేతి వేపుడు చేపా మొక్కజొన్న రొట్టే తినే పెరిగాడు. బాబాయ్ రికార్డులు తిప్పే మిషను మీద చెయ్యేస్తే చాలు, పైన కిటికీ తెరుచుకుంటుంది.

"ఆపు! ఆపవయ్యా ఆ మోత! ఆపు!"

ఆ గొంతు మామూలు గొంతు కాదు. ఓసారి తన్నే అనుకుని సిటీ బస్సు ఆగిపోయింది. బాబాయ్ ఇంటివాడు చెప్పినా వినడు, పోలీసు చెప్పినా వినడు. మదర్ అరిస్తే మాత్రం టోపీ తీసి, ఆపేసి, లోపలికి పోతాడు. ఆవిడ సంచులు మారు మాట్లాడకుండా మూడంతస్తులు మోస్తాడు. ఆవిడ "ఆల్ఫాన్జో, నీతో ఒక మాట" అందంటే మాత్రం "ష్!" అని వేలు పెదాల మీద పెట్టి దడదడా మెట్లు దిగిపోతాడు.

ఇలా ఉండగా ఔలిస్ వచ్చాడు.

హిప్ హాప్ పుట్టిల్లు చూడాలని మా వైపు వచ్చేవాళ్ళు కొత్త కాదు. సెడ్జ్‌విక్ అవెన్యూలో ఫొటో దిగుతారు, మా కొట్లో శాండ్‌విచ్ తింటారు, వెళ్ళిపోతారు. ఈయన ఫిన్లండు నుంచి వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, మాట మాత్రం పిల్లి నడిచినంత మెత్తన. అక్కడెక్కడో ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో పిల్లలకి బ్రేక్ డాన్సు నేర్పుతాడట. జేబులోంచి ఒక పాత క్యాసెట్టు తీసి, పసిబిడ్డని చూపించినట్టు చూపించాడు. ఎప్పుడో మా పార్కులో డీజేలు పెట్టిన ఆటపాట, ఎవరో రికార్డు చేస్తే, దానికి నకలు, ఆ నకలుకి నకలు. అందులో ఒక ఆడగొంతు "ఆపకు నాన్నా! ఆపకు!" అని కేకేస్తుంది. వెంటనే డోలు మొదలవుతుంది. వాళ్ళ పిల్లలు ఆ ముక్కకే ఎగురుతారు. టేపు అరిగిపోయి, ఇప్పుడు డోలు కాస్తా దిండు మీద కొట్టినట్టు వినిపిస్తోంది.

"ఆ రికార్డు పేరేంటో తెలుసుకుని వెళ్ళాలండీ. దొరక్కపోతే ఆ పాట మా ఊళ్ళో ఇక లేనట్టే. తిరిగిన రికార్డు కొట్లన్నిట్లోనూ మీ డీజే హష్‌నే అడగమన్నారు. ఆదివారం నా విమానం."

నేను క్షణం ఆలస్యం చెయ్యలేదు. "బాబాయ్! నీ కోసం ఫిన్లండు వచ్చింది, దిగు!"

దిగాడు. విన్నాడు. మొహంలో రంగు మారింది.

"ఈ రికార్డు మీదేనా?" అన్నాడు ఔలిస్.

"ఏ రికార్డు?"

"ఈ టేపులో ఉన్నది."

"ఏ టేపు?"

"నా చేతిలో ఉన్నదండీ."

"ఏ చెయ్యి?"

పేరు అడగొద్దంటే వినే మనిషి కాదని తెలిశాక, బాబాయ్ ఆయన్ని అలసగొట్టి వదిలించుకుందామనుకున్నాడు. శనివారం పొద్దున్నే "పద, తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తా" అని బయలుదేరదీశాడు. కాలికి బలపం కట్టుకున్నట్టు బ్రాంక్స్ అంతా తిప్పాడు. ఒక పార్కుకి తీసుకెళ్ళి "ఇక్కడ ఒకడికి తెలుసు, పోయాడు" అన్నాడు. ఒక మంగలి షాపుకి తీసుకెళ్ళి "ఇతనికి తెలుసు, మర్చిపోయాడు" అన్నాడు. ఆ మంగలి పాపం నిన్నగాక మొన్న షాపు తెరిచాడు. ఔలిస్ ప్రతిచోటా వంగి థాంక్స్ చెప్పి, గోడల్ని తడిమి చూసి, ఫొటో తీసుకున్నాడట. మూడు చెరువుల నీళ్ళు తాగిద్దామనుకున్న బాబాయే మధ్యాహ్నానికి మా కొట్టు ముందు పాల క్రేటు మీద కూలబడ్డాడు.

"వీడు మనిషి కాదమ్మా, జిడ్డు!"

ఔలిస్ మొహం వెలిగిపోతోంది. "ఇప్పుడెక్కడికి వెళ్దామండీ?"

బాబాయ్ టోపీ తీసి విసురుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు ఔలిస్ ఫోను తీసి వాళ్ళ పిల్లల వీడియో చూపించాడు. బయట మంచు, లోపల చిన్న హాలు, ఉన్ని మేజోళ్ళ పిల్లలు చాప మీద తలకిందులుగా గిరగిరా తిరుగుతున్నారు. బాబాయ్ ఒకసారి చూశాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ చూశాడు.

"అయ్యో, డోలు చచ్చిపోయింది కదరా," అన్నాడు, ఎవరో దగ్గరివాళ్ళు పోయినట్టు. తర్వాత నావైపు తిరిగి, "మదర్ చర్చి వంటగదికి వెళ్ళిందా?" అని గుసగుసగా అడిగాడు.

"శనివారం కదా, వెళ్ళే ఉంటుంది."

"అయితే మిషన్లు దింపుదాం. ఒక్కసారి వినిపిస్తా, నీ ఫోన్లో పట్టుకో. పేరు మాత్రం చచ్చినా అడక్కు," అన్నాడు ఔలిస్‌తో.

ఆ రికార్డు మా వీధిలో మోగి ఎన్నేళ్ళయిందో! డామినోలు ఆపి ముసలాళ్ళు లేచొచ్చారు. సూది పెట్టగానే ఆ గొంతు వీధి ఈ చివర నుంచి ఆ చివరికి దూసుకుపోయింది. "ఆపకు నాన్నా! ఆపకు!" డోలు అందుకుంది. ఔలిస్ అట్టపెట్టె పరిచి ఒంటి చేతి మీద లేచాడు.

పైన కిటికీ ధడాలున తెరుచుకుంది. ఆవేళ మదర్‌కి మోకాళ్ళ నొప్పి, చర్చికి వెళ్ళనే లేదు.

"ఆపు! ఆపవయ్యా! ఆపు!"

ఔలిస్ తలకిందులుగానే బిగుసుకుపోయాడు. తర్వాత మెల్లగా కాళ్ళు దించి, కిటికీ వైపు చూశాడు, మిషను వైపు చూశాడు, మళ్ళీ కిటికీ వైపు చూశాడు.

"అదే గొంతు," అన్నాడు.

బాబాయ్ ఒక్క క్షణం తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆ తర్వాత, జన్మలో ఎవరికీ ఏమీ చెప్పని మనిషి, గుక్క తిప్పుకోకుండా చెప్పడం మొదలుపెట్టాడు. "కాదు కాదు, ఆవిడ వేరు! డెట్రాయిట్ మనిషి. ఎర్ర జుట్టు. బాగా పొట్టి. ఓడ మునిగి పోయింది పాపం. శవం కూడా దొరకలేదు. అంత్యక్రియలకి నేనే వెళ్ళా, పెట్టె మోసింది నేనే!"

"శవం దొరక్కపోతే పెట్టెలో ఏం మోశావు బాబాయ్?" అన్నాను నేను. చెప్పాను కదా, నా నోరు అలాంటిది.

ఇంతలో మదర్ కర్ర పొడుచుకుంటూ కిందికి దిగింది. "ఎవరయ్యా ఓడలో చచ్చింది?"

"ఎవరూ లేదు మదర్. మీరు పైకెళ్ళండి. ఎండగా ఉంది."

ఆవిడ ఆయన్ని పక్కకి జరిపి ఔలిస్ ముందు నిలబడింది. ఔలిస్ పిల్లల వీడియో పెట్టాడు. ఫోను ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఈ పిల్లలు ఎగిరేది ఆ కేకకా?"

"ఆ కేక వినపడందే ఒక్కరూ కదలరండీ. చలికాలం మాకు పగలు కూడా చీకటే. పిల్లలు డీలా పడిపోతారు. అది వింటే లేస్తారు."

"పాటలో మాటలు అర్థమవుతాయా వాళ్ళకి?"

"లేదండీ."

"దేవుడు చల్లగా చూశాడు," అని నిట్టూర్చి, నడుం నిటారు చేసింది. "రాసుకో నాయనా. ఎర్లీన్ గాస్కిన్స్. ఇరవై ఏళ్ళప్పుడు పాడాను. పాట పేరు 'తలుపు గడియ పెట్టలేదు'. అంతకుమించి అడక్కు."

డామినోల ముసలాళ్ళు నోళ్ళు తెరిచారు. ఔలిస్ ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ రాసుకున్నాడు. బాబాయ్ తల పట్టుకుని క్రేటు మీద కూర్చుండిపోయాడు. "అయిపోయింది. అంతా అయిపోయింది."

అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. ఆ రోజుల్లో ఈ పేటలో ఇళ్ళకి ఇళ్ళు తగలబడుతుంటే, మొగుడు పోయి, ఇద్దరు పిల్లలతో ఆవిడ చర్చిలో గరిట పట్టింది. చర్చి పెద్దలు నిప్పుల్లాంటివాళ్ళు. అలాంటి పాట పాడిందని తెలిస్తే గరిట లాక్కునేవాళ్ళు. ఒకనాడు పార్కులో ఆ పాట మోగుతుంటే ఆవిడ వచ్చి, తిరుగుతున్న రికార్డు మీద తన పేరు చూసి, బాబాయ్ మొహం చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. బాబాయ్ ఆ సాయంత్రమే దాన్ని నీళ్ళలో నానేశాడు.

"మరి మిగతావి ఎందుకు పీకావు?" అన్నాను.

"ఒక్కదానికే పీకితే అందరూ దాన్నే పట్టుకుంటారు కదమ్మా."

"డబ్బాలో?"

"రికార్డులే దాస్తే రికార్డుల్లోనే ఏదో ఉందనుకోరూ?"

"తిన్నదీ, చొక్కా, గుండె నొప్పీ?"

"మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలీలేదు," అన్నాడు దీనంగా.

నాకు నవ్వూ వచ్చింది, ఆ పిచ్చి మనిషిని ఒక్కసారి గట్టిగా పట్టుకోవాలనీ అనిపించింది. ఒక్కావిడ పరువు కోసం నలభై ఏళ్ళ పైగా అన్నంలో అనాసపండు కలుపుకుని తిన్నాడు!

మదర్ కర్రతో ఆయన మోకాలి మీద చిన్నగా తట్టింది. "ఓరి వెర్రి నాయనా! ఆ ఏడే పాస్టరుగారికి నేనే చెప్పేశాను. ఆయన తలుపేసొచ్చి, 'ఆ రికార్డు మా ఇంట్లోనూ ఉందమ్మా' అన్నాడు."

బాబాయ్ పట్టుకున్న తల వదిలేశాడు. "నాకెందుకు చెప్పలేదు మదర్?" అన్నాడు.

"చెప్పనిస్తేగా! నోరు తెరిచినప్పుడల్లా 'ష్' అని పారిపోయావు."

"మరి రోజూ ఆపమని అరిచేది?"

"కునుకు పట్టనివ్వని మోత! నా పాటైతే మాత్రం మధ్యాహ్నం నిద్రపోవద్దటయ్యా?" అని, ఆయన టోపీ తీసి, నెత్తి మీద చెయ్యి పెట్టింది. తియ్యకుండా అలాగే చాలాసేపు ఉంచింది. "సర్లే, ఇవాళ్టికి నిద్ర పోయినట్టే. పెట్టు. చప్పుడు పెంచు."

ఔలిస్ డోలు మొత్తం ఫోన్లో శుభ్రంగా పట్టుకుని వెళ్ళాడు. వారం తిరక్కుండా ఉత్తరం రాశాడు. పిల్లలు మదర్‌కి దండాలు పెట్టారట, బాబాయ్ దగ్గర ఇంకేమున్నాయో చెప్పమన్నారట.

నేను పైకెళ్ళాను. "ఇక దాచేదేముంది? ఒక్కొక్కటే తీసి పేర్లు చెప్పు బాబాయ్, రాసి పంపుదాం."

ఆయన ఒక రికార్డు తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెలుతుర్లో పెట్టి చూశాడు. పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. దాన్నీ పక్కన పెట్టాడు.

"నాకూ తెలీదమ్మా."

"తెలీకపోవడమేంటి?"

"పీకేశాను కదా, ఎప్పుడో మర్చిపోయా. ఈ ఇంట్లో నాకు పేరు తెలిసిన రికార్డు ఒక్క మదర్‌దే."

"అన్నీ మర్చిపోయి అదొక్కటే ఎలా గుర్తుంది?"

బాబాయ్ నన్ను చంటిపిల్లని చూసినట్టు చూశాడు. "బాగుందమ్మా! ఏ పేరు చెప్పకూడదో అది గుర్తుండొద్దూ?"