ముక్కు కొలతల బంగారురాజు

మా బంగారురాజుకు ఒక్కటే జబ్బు. ఎవరి ముక్కు చూసినా, పదమూడు వందల ఏళ్ళ కిందట ఆ ముక్కు ఏ దేశంలో ఉండేదో చెబుతాడు.

ఇక్కడ బర్మాలో, చౌక్తడా పేటలో అతనిది కళ్ళజోళ్ళ కొట్టు. నలభై ఏళ్ళుగా ముక్కుల మీద ఫ్రేములు కూర్చోబెడుతున్నాడు. అబద్ధం ఆడకూడదని కాన్వెంటులో సిస్టర్లు నాకు నేర్పారు కనుక, కొంచెం పెంచి మాత్రమే చెబుతాను. ఒకసారి ఏటి అవతల దలా నుంచి పడవలో వచ్చిన చేపలాయన ముక్కును ఇతను పావుగంట చూశాడు. ఆయన కళ్ళజోడు మరిచిపోయి, మంగోలియాకు పడవ ఎన్నింటికని అడుగుతూ రేవుకు వెళ్ళిపోయాడు.

ఇదంతా ఏదో పత్రిక చదివినప్పుడు మొదలైంది. తూర్పు గడ్డిమైదానాల నుంచి గుర్రాల మీద వచ్చిన అవార్లు ఐరోపా మధ్యలో దొరతనం చేసిన కాలంనాటి రెండు ఊళ్ళ శ్మశానాలు తవ్వి, ఎముకల్లో డీఎన్‌ఏ చూశారట.

"పక్కపక్క ఊళ్ళు బావా," అన్నాడు నాతో. "ఒకే రకం నగలు, ఒకే రకం బెల్టులు. తరాల తరబడి రక్తం మాత్రం కలవనేదు. ఓ ఊరోళ్ళు పెళ్ళాల్ని ఎక్కడో దూరం నుంచి తెచ్చుకున్నారట."

"మన తాతలు ఇక్కడికి శ్రీకాకుళం నుంచి తెచ్చుకోలేదా?"

"అందుకే ఆ ఎముకలంటే నాకు కోపం."

కిందటేడు అతనికి వరసకు మేనకోడలైన సూర్యావతి కొట్టుకు వచ్చింది. కూతురు సుధామణి, లత అనే పక్క పేటలో మందుల షాపు నడిపే కో తీహా అనే బర్మా కుర్రాడిని తప్ప ఇంకెవరినీ చేసుకోనంటోంది. సాయంత్రం అతని తల్లికి జవాబు చెప్పాలి.

"కుర్రోడు మంచోడే మామయ్యా. ఆళ్ళకి ఇంటిపేరుండదు. సుబలేకలో ఏటి రాయాల? మనోళ్ళు అడిగితే ఏటి సెప్పాల?"

"కుర్రోడ్ని పిలు."

అతను వచ్చాడు. బంగారురాజు ఆ ముక్కును పైనుంచి, పక్కనుంచి, భూతద్దంతో చూశాడు.

"గుర్రాల దొరల ముక్కు. సూర్యావతీ, నీదీ అదే."

"మాది బీమిలి మామయ్యా."

"బీమిలి ముక్కయితే ఈ ఫ్రేము పట్టదు."

ఫ్రేము కుర్రాడికి అతికినట్టు సరిపోయింది. తరవాత సూర్యావతికి పెట్టాడు. తల ఊపినా జారలేదు.

"ఒకే అచ్చు. అప్పట్లో ఇంటిపేరూ ఒకటే అయ్యుంటాది. మరిసిపోనారు."

ఆమె అద్దంలో చాలాసేపు చూసుకుంది. "అయితే సరే," అంది.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "రెండు ముక్కుల మధ్యలో నీ చెయ్యి బల్ల కిందికి ఎందుకెళ్ళింది?"

"ముక్కులు ఒకలా లేకపోతే ఫ్రేము వంచాల. నలభై ఏళ్ళుగా నా పని అదే కదేటి."

పెళ్ళయిన వారానికి సూర్యావతి మళ్ళీ వచ్చింది.

"బల్ల కింద మీ సెయ్యి ఆడడం ఆ రోజే సూసినాను మామయ్యా. మనోళ్ళకి సెప్పడానికి నాకూ ఓ మాట కావాల గదా." గుమ్మంలో నిలబడ్డ కుర్రాడి తల్లి డో ఖిన్‌ను చెయ్యి పట్టి లోపలికి లాగింది. "ఇదిగో మా వియ్యపురాలు. ఈవిడ ముక్కు కూడా బీమిలిదేనని ఓ మాట అనీయండి. మా ఆడపడుచులు బయట వింటన్నారు."

బంగారురాజు భూతద్దం తుడుచుకున్నాడు.