కడప పెద్దమ్మ పొయ్యి పందిరి

నా చిన్నప్పుడు నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. మస్కట్‌లో అజైబాలోని మా నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో వారమంతా కిటికీకి అతుక్కుని శుక్రవారం కోసం కాచుకునేదాన్ని. ఆ రోజు నాన్న తాను పని చూసే ఖురియాత్ ఖర్జూర తోటకి నన్ను తీసుకెళ్లేవారు. తోటలో పనివాళ్లకి వండిపెట్టే ఆవిడని అందరూ కడప పెద్దమ్మ అనేవాళ్లు. నాలుగు కర్రల మీద ఖర్జూరపు మట్టలు కప్పిన పందిరే ఆమె వంటిల్లు. రాళ్ల పొయ్యి, గోనెసంచి పరదా. నాకు మాత్రం అది రాజభవనం.

ఒక వేసవిలో కంపెనీ పెద్దమ్మ వంటకి ప్లైవుడ్ క్యాబిన్ కట్టించింది. గ్యాస్ పొయ్యి, ఫ్యాను, తలుపు అన్నీ వచ్చాయి. రేపు పందిరి పీకేస్తున్నారని నాన్న అన్నారో లేదో, ఏడుపు లంకించుకున్నాను. కొత్తది రాగానే పాతదాన్ని వదిలేసిన పెద్దమ్మ మీద ఒళ్లు మండిపోయింది. ఆమె వద్దంటే పీకించనులే, వెళ్లి అడుగు అని నాన్న తప్పించుకున్నారు.

పెద్దమ్మ చెంగుకి చేతులు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"సరే పాపా, పీకొద్దులే. ఈ పొద్దు పప్పు ఆడే వండుదాం. పొయ్యి కాడ నువ్వుండాల. నేను పక్కనే ఉంటా."

గెలిచాననుకున్నాను. ఊదుగొట్టం పట్టుకుని దర్జాగా కూర్చున్నాను. పది నిమిషాలైనా కాలేదు, గాలి తిరిగి పొగంతా మొహాన కొట్టింది. అటు జరిగితే పొగా అటే వచ్చింది. మేక ఒకటి ఉల్లిపాయల బుట్టలో మూతి పెట్టింది. దాన్ని తరిమి వచ్చేసరికి మంట ఆరింది. పరదా ఎగిరి పప్పులో ఇసుక పడింది. కళ్లు మంట, గొంతు మంట, వీపంతా చెమట. ఇదేం గోలరా దేవుడా అనుకుని, నీళ్లు తాగొస్తానని క్యాబిన్‌లో దూరి ఫ్యాను కింద చతికిలబడ్డాను. ఆ పూట పనివాళ్లు పప్పన్నం కరకరా నమిలారు, పాపం.

కాసేపటికి పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. తిట్టలేదు.

"శుక్రారం శుక్రారం వచ్చిపోయేదానివి, నీకు ముచ్చటగానే ఉంటాది మే. మూడేండ్లు దినామూ ఊదినా నేను."

గోడకున్న చిన్న అద్దంలో చూసుకుంటే నా కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అచ్చం పెద్దమ్మ కళ్లలాగే. ఆమెవి పుట్టుకతోనే ఎర్రని కళ్లనుకునేదాన్ని! సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం నాన్నని అడిగి పందిరి మొదటి తాడు నేనే విప్పాను.

ఇప్పటికీ ఎవరైనా కట్టెల పొయ్యి రుచే వేరని మురిసిపోతే ఊరుకోలేను. ఆ పొయ్యి ఊదిందెవరండీ అని అడిగేస్తాను. కొందరికి కోపమొస్తుంది. రానీ. పందిరి తీసేసిన నెలకి ఒక శుక్రవారం పెద్దమ్మ క్యాబిన్ తలుపు తీసి నన్ను చూసి నవ్వింది. ఆమె కళ్లు తెల్లగా ఉండటం నేను మొదటిసారి చూసింది ఆ రోజే. ఆ ప్రశ్న అడిగిన ప్రతిసారీ నాకు ఆ కళ్లే గుర్తొస్తాయి.