బిందెలతో బంగ్లా చూసినవాళ్ళం

మా పెద్దమ్మ పోయిందన్న కబురు మొన్న మంగళవారం మడకశిర బస్సు కండక్టరు తెచ్చాడు. రాప్తాడులో రోడ్డు పక్కనే మా ఇల్లు. కిందికైనా దిగకుండా, "అక్కా, మీ ఊరి బంగ్లా పెద్దమ్మ తెల్లారుజామున పోయినాదంట, నిన్ను రమ్మన్యారు" అని కేకేసి విజిలు ఊదేశాడు.

ఆమె మాకు చుట్టం కాదు. మా పుట్టింటికి ఎదురిల్లు, అంతే. పోయిన శతాబ్దంలో ఒక పత్తి వ్యాపారి మా ఊళ్ళో పెద్ద బంగ్లా కట్టించాడు. వారసులు దాన్ని సర్కారుకు ఇచ్చేస్తే మ్యూజియం చేశారు. వచ్చినవాళ్ళకు గదులు తిప్పి చూపించే ఉద్యోగం పెద్దమ్మది. టికెట్టు లేదు. అయినా వచ్చే పుణ్యాత్ములెవరు? దుమ్ము దులిపి, గుమ్మంలో కూర్చుని, దారిన పోయేవాళ్ళను పలకరించేది.

డెబ్భైల్లో ఒక ఎండాకాలం వీధి బావులన్నీ అడుగంటాయి. బంగ్లా పెరటి బావిలో మాత్రం నీళ్ళున్నాయి. అది కాకపోతే ఊరవతల తోట బావే గతి. ఆడవాళ్ళమంతా బిందెలతో బంగ్లా మీద పడ్డాం. అంతలో పై అధికారి జీపులో దిగి మండిపడ్డాడు. "ఇది మ్యూజియమా, నీళ్ళ రేవా? చూడ్డానికి వచ్చినవాళ్ళు తప్ప ఇంకెవరూ గేటు దాటకూడదు!" పెద్దమ్మ "సరే సార్" అంది. ఒక్క మాట ఎదురు చెప్పలేదని ఆ రోజంతా ఆమెను ఆడిపోసుకున్నాం.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఉంది. "యాడికి?" అంది.

"నీళ్ళకు, పెద్దమ్మా."

"నీళ్ళకైతే పోండి. చూడనీకైతే రాండి."

ముఖాలు చూసుకున్నాం. చూడనీకే అన్నాం. అయ్యో రామా, ఆ మాటన్న పాపానికి ఆమె నిజంగానే చూపించింది! చంకల్లో ఖాళీ బిందెలతో గది గదీ తిరిగాం. ఇది గంధపు చెక్క పెట్టె, ఇది ఇంగ్లీషు సీమ నుంచి ఓడలో వచ్చిన నిలువుటద్దం, ఇది వ్యాపారి పెండ్లాము పందిరిమంచం. ఇంట్లో పొయ్యి మీద ఎసరుకు నీళ్ళు లేవు, ఇక్కడ మంచం కోళ్ళ చెక్కడాలు చూడాలి.

"చూసినట్లే లే పెద్దమ్మా, వదులు" అన్నాను నేను.

"చూసినట్లు కాదు, చూడల్ల. రేపు సార్ అడిగితే నేను అబద్ధం చెప్పల్లనా?"

అన్నీ చూశాక పెరట్లోకి తీసుకెళ్ళి, "ఇది బావి. గిలక ఎట్ల తిరుగుతాదో మీరే తిప్పి చూడండి" అని అటు తిరిగి నిలబడింది. మేం తిప్పి చూశాం, బిందె నిండేదాకా.

ఆ ఎండాకాలమంతా రోజూ అదే తంతు. చెప్పిందే చెప్పి ఆమెకూ విసుగు పుట్టినట్టుంది, కథలు మార్చసాగింది. "నిన్న ఈ మంచం పెండ్లాముది అంటివే?" అని ఎవరో అడిగితే, "నిన్న నిన్నే. ఈ పొద్దు అత్తది. కోడలు కిందే పండుకునేది, మీ మాదిరే" అంది. అందరం పకపకా నవ్వాం.

అధికారి మళ్ళీ వచ్చాడు. మేం నిలువుటద్దం ముందు వరసగా నిలబడి ఉన్నాం. "ఈ బిందెలేమిటి?" అన్నాడు. "ఆడోళ్ళు కదా సార్, చంక ఖాళీగా ఉంటే తోచదు" అంది పెద్దమ్మ. ఆయనకు నవ్వాలో వద్దో తెలియలేదు. జీపెక్కి పోయాడు.

ఒక్క సంగతి మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిస్తుంది. ఆమె ఆ బావి నీళ్ళు ముట్టలేదు. సాయంత్రం బంగ్లాకు తాళం వేసి, బిందె తీసుకుని తోట బావికి నడిచేది. మా అమ్మ ఒక బిందె ఇవ్వబోతే తోసేసింది. "నేను చూడనీకి వచ్చినదాన్నా? జీతానికి వచ్చినదాన్ని" అంది. "ఏం మొండిదప్పా!" అని అమ్మ ఆ బిందె వెనక్కి తెచ్చుకుని దుఃఖం ఆపుకోలేకపోయింది. తర్వాత వానలు పడ్డాయి. ఇంకొన్నేళ్ళకు వీధికి కొళాయి వచ్చింది. ఆ మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆమెను అరుగు మీద పడుకోబెట్టారు. స్నానం చేయించాలి. కొళాయిలో నీళ్ళు వస్తూనే ఉన్నాయి. అయినా మా అమ్మ బిందె చంకనెత్తుకుని బంగ్లా వైపు నడిచింది. ఒక్కొక్కరుగా మేమూ వెంట నడిచాం.

బంగ్లాలో ఇప్పుడు కొత్త గైడు. మంచివాడే. "నీళ్ళకేనా అమ్మా? పక్క సందులో నుంచి పోండి, పెరట్లోకి దగ్గర" అన్నాడు.

"కాదు నాయనా. చూడనీకి వచ్చినాము" అంది అమ్మ.

గంధపు పెట్టె చూశాం. నిలువుటద్దం చూశాం. మంచం దగ్గర ఇది పెండ్లాముదని ఒకరు, అత్తదని ఒకరు కాసేపు తగవు పడ్డారు. కొత్తతను ఎవరి మాట నమ్మాలో తెలియక నిలబడ్డాడు. అప్పుడు పెరట్లోకి వెళ్ళి గిలక తిప్పి చూశాం. అమ్మ మొదటి బిందె ఎత్తుకుని, తొణక్కుండా, పెద్దమ్మ ఇంటి వైపు నడిచింది.